బొగ్గు బిళ్ళలో అసలు కథంతా జిగురుదే

పోయిన ఎండాకాలం నేను చేసిన నలభై బొగ్గు బిళ్ళలు చూడ్డానికి మహా ముచ్చటగా ఉండేవి. ఒకదానికొకటి తగిలిస్తే పెంకు మోగినట్టు టంగుమనేవి, నడుమెత్తు నుంచి గచ్చు మీద పడేసినా మూల చెక్కు పోలేదు, చేతికి మసి కూడా పెద్దగా అంటలేదు. తీరా ఇనుప బకెట్ పొయ్యిలో పేర్చి అంటించాక, ఇరవై నిమిషాలు బాగానే రాజుకుని, ఆ తర్వాత ఒక్కొక్కటే పగుళ్ళిచ్చి, పొడిపొడిగా రాలి, కడ్డీల మీద పేరుకుని, కింద నుంచి వచ్చే గాలిని మూసేసి, తమ నిప్పుని తామే చంపుకున్నాయి. అరుగు మీద కూర్చుని ఈ తమాషా అంతా చూస్తున్న మా మేనత్త "మట్టి కలపలేదారా?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంది. ఆవిడ కొత్తగూడెం బొగ్గుబావుల క్వార్టర్స్‌లో ముప్పయ్యేళ్ళు కాపురం చేసిన మనిషి, గ్యాస్ వచ్చేదాకా బొగ్గు పొయ్యి మీదే వండింది.

కలపలేదు మరి. నేను చూసిన వీడియోల్లో ఎవరూ కలపమనలేదు. బొగ్గుపొడి, మైదా జిగురు, ఒక పీవీసీ పైపు ముక్క, నాలుగు రోజుల ఎండ, అయిపోయింది అన్నారు. పైగా మట్టి అంటే మండని సరుకు, దాన్ని ఇంధనంలో కలపడమంటే పాలల్లో నీళ్ళు కలిపినట్టే కదా అనుకున్నాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటూ పోతే బ్రిటన్‌లోని వేల్స్, కొరియా, చైనా దాకా తిరగాల్సి వచ్చింది. తిరిగాక నాకర్థమైంది ఇది: ఈ బిళ్ళల వ్యవహారంలో బొగ్గు గురించి తెలుసుకోవాల్సింది కొంచెమే, తలనొప్పంతా జిగురుతోనే.

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. తెలుగులో రెంటినీ బొగ్గే అంటాం. సర్కారు తుమ్మ కాల్చి చేసే కట్టె బొగ్గు ఒకటి, ఇస్త్రీ బండి వాళ్ళు వాడేది అదే. గనుల్లోంచి వచ్చే రాక్షసి బొగ్గు రెండోది. కట్టె బొగ్గు ఒకసారి కాలి వచ్చిన సరుకు, పొగంతా అప్పుడే పోయింది, బూడిద తక్కువ. రాక్షసి బొగ్గులో పొగకి కారణమయ్యే వాయువులు ఇంకా లోపలే ఉంటాయి, బూడిద మన గోదావరి లోయ బొగ్గులో మూడో వంతు దాకా ఉండటం మామూలే. మీరు చూసే వీడియోల్లో ఎక్కువ భాగం కొబ్బరి చిప్పల బొగ్గుతోనో కట్టె బొగ్గుతోనో చేసినవి. ఆ వంటకాన్ని ఉన్నదున్నట్టు గని బొగ్గు నుసికి వర్తింపజేస్తే నాలాగే అవుతుంది. నాది ఒక ఇటుక బట్టీ అడుగున మిగిలిపోతే రెండు గోనెసంచుల్లో తెచ్చుకున్న రాక్షసి బొగ్గు నుసి.

ఇంతకీ నుసిని నుసిగానే కాల్చేస్తే ఏం పోయింది? ఇక్కడే తమాషా. రామగుండం లాంటి థర్మల్ స్టేషన్‌లో రాళ్ళలా ఉన్న మంచి బొగ్గుని పనిగట్టుకుని పిండి చేస్తారు, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా, ఆ పిండిని వేడిగాలితో బాయిలర్లోకి ఊదుతారు, అది గాల్లో ఉండగానే భగ్గున మండిపోతుంది. అంటే పొడి అవడం బొగ్గుకి లోపం కాదు. ఒక సెంటీమీటరు ఘనాన్ని తీసుకోండి, దాని ఒంటి వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 0.1 మిల్లీమీటరు ముక్కలుగా కొడితే పది లక్షల ముక్కలు, మొత్తం వైశాల్యం 600. గాలి తగలాలే గానీ నూరు రెట్ల చురుగ్గా అంటుకుంటుంది. గాల్లో తేలే బొగ్గు ధూళి గనుల్లో పేలేది కూడా ఇందుకే, 1906లో ఫ్రాన్స్‌లోని కూరియెర్ గనిలో అలాంటి పేలుడుకి 1,099 మంది చనిపోయారు. అదే పొడిని కుప్పగా పోసి అంటిస్తే పై పొర ఒక్కటి ఎర్రబడి కింద గాలాడక ఆరిపోతుంది, లేదంటే కడ్డీల సందుల్లోంచి మండకుండానే బూడిదలోకి జారిపోతుంది. మామూలు పొయ్యికి కావలసింది ముక్కలు, ముక్కకీ ముక్కకీ మధ్య సందు. బిళ్ళ చెయ్యడమంటే ఆ సందుల్ని మళ్ళీ సృష్టించడం, అంతకుమించి ఏమీ లేదు. బిళ్ళగా మార్చినంత మాత్రాన బొగ్గులో లేని వేడి కొత్తగా పుట్టదు.

ఇప్పుడు జిగురు సంగతి. నుసిని అంటించి ఉంచడం ఒక పని అనుకుంటాం గానీ అవి మూడు వేర్వేరు పనులు, మూడూ వేర్వేరు సమయాల్లో. అచ్చులోంచి తీసిన పచ్చి బిళ్ళ తన బరువుకి తాను కూలకూడదు, అది మొదటిది. ఎండాక సంచిలో వేసి, ఆటోలో తోలి, కింద పడేసినా విరగకూడదు, వానజల్లు తగిలినా కరగకూడదు, అది రెండోది. మూడోది పొయ్యిలో: 700, 800 డిగ్రీల వేడిలో, తనలో సగం కాలిపోయాక కూడా, మిగతా సగం ఆకారం చెడకుండా నిలబడాలి. మొదటి రెండూ కంటికి కనిపిస్తాయి, ఫోటోలో బాగుంటాయి. మూడోదాన్ని ఎవరూ వీడియో తియ్యరు, తీసినా మొదటి పది నిమిషాలే చూపిస్తారు. నా బిళ్ళలు మొదటి రెండింట్లో ఫస్ట్ క్లాస్‌లో పాసై మూడోదాంట్లో చిత్తుగా తప్పాయి.

పిండి జిగురు, అంటే మైదా గానీ గంజి గానీ కర్రపెండలం పిండి గానీ, ఇవన్నీ ఒకే జాతి. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లుల వాళ్ళకి ఈ కర్రపెండలం పిండి ఎంత గట్టి జిగురో ఒకరు చెప్పక్కర్లేదు. ఒక చిన్న కిటుకుంది. పచ్చి పిండిని చన్నీళ్ళలో కలిపి బొగ్గులో పోస్తే అది జిగురు కాదు, సున్నపు తేట లాంటిదే. పిండి రేణువు 60 నుంచి 75 డిగ్రీల వేడిలో నీళ్ళు తాగి ఉబ్బి పగిలితేనే జిగురు బయటికొస్తుంది. అందుకే సినిమా పోస్టర్లు అంటించేవాళ్ళు మైదాని ఉడికిస్తారు. నూరు కిలోల నుసికి 4 నుంచి 6 కిలోల పిండి చాలు, ఎండితే రాయే. కానీ రెండు రోగాలు. నీళ్ళు తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. వానాకాలం పెరట్లో పెడితే బూజు పడుతుంది, ఎలుకలు కూడా వచ్చి రుచి చూస్తాయి (మా ఇంట్లో మిగిలిన పదకొండు బిళ్ళల్లో మూడింటికి పళ్ళ గాట్లున్నాయి, నవ్వకండి). రెండోది అసలు రోగం, 250, 300 డిగ్రీలకే పిండి మాడి కూర్చుంటుంది. పొయ్యి అప్పుడే మొదలైంది, జిగురు అప్పటికే పోయింది.

మరి ఇదే మైదాతో ఇంకెక్కడో చేస్తే ఎందుకు నిలబడుతుంది? ఇక్కడ బొగ్గు జాతి మాట వస్తుంది. ఝరియా వైపు దొరికే కోకింగ్ బొగ్గుని వేడి చేస్తే 350 నుంచి 450 డిగ్రీల మధ్య లక్కలా మెత్తబడి, రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని, తర్వాత గట్టిపడి కోక్, అంటే పొగ వాయువులు పోయి మిగిలిన గట్టి బొగ్గు, అవుతుంది. అంటే పిండి చేతులెత్తేసే సమయానికి బొగ్గే తన జిగురుని తాను బయటికి తీస్తుంది. సింగరేణి బొగ్గు ఆ రకం కాదు, నాన్ కోకింగ్. ఎంత వేడి చేసినా మెత్తబడదు, రేణువు రేణువుగానే కాలుతుంది. పిండి మాడిన మరుక్షణం పట్టుకునేవాడెవడూ లేడు. ఝార్ఖండ్, బెంగాల్ వైపు ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసే బొగ్గు ఉండల్ని 'గుల్' అంటారు, వాటిలో కూడా గంజితో పాటు మట్టో పేడో కలుపుతారు, చౌకరకం నుసి ఎలాంటిదొస్తుందో చెప్పలేం కాబట్టి.

మట్టి ఇక్కడ రంగంలోకి వస్తుంది. బంకమట్టికి పచ్చిగా ఉన్నప్పుడు పట్టు బాగుంటుంది, ఎండితే మధ్యరకం, పొయ్యిలో పడ్డాక మాత్రం మట్టికుండ కథే: 500, 600 డిగ్రీలు దాటేసరికి కాలి గట్టిపడుతుంది. చుట్టూ బొగ్గు కాలిపోతున్నకొద్దీ మట్టి ఒక సన్నటి అస్థిపంజరంలా మిగిలి బిళ్ళని పట్టుకునుంటుంది, ఆ రంధ్రాల్లోంచి గాలి లోపలి బొగ్గుకి అందుతుంది. నేను పాలల్లో నీళ్ళు అనుకున్నది నిజానికి బిళ్ళకి వెన్నెముక. కాకపోతే నీళ్ళు కలపడం కూడా నిజమే, ఆ లెక్క తప్పించుకోలేం. బొగ్గులో బూడిద 30 శాతం, వేడి కిలోకి 4,500 కిలోకేలరీలు అనుకుందాం. నూటికి 15 పాళ్ళు మట్టి కలిపితే వేడి 3,825కి పడుతుంది, బూడిద దగ్గర దగ్గర 39 శాతానికి ఎక్కుతుంది. వంద కిలోలు కాలిస్తే దాదాపు నలభై కిలోల బూడిద ఎత్తిపోసుకోవాలి. ఇంకో ఐదు పాళ్ళు ఎక్కువ పడితే అంటుకోవడమే కష్టం, బిళ్ళ ఎర్రబడుతుంది గానీ దాని మీద బియ్యం ఉడకవు.

ఈ విద్యలో ఆరితేరినవాళ్ళు దక్షిణ కొరియా వాళ్ళు. వాళ్ళ దగ్గర ఆంత్రసైట్ ఉంది, గట్టి బొగ్గే గానీ గనిలోంచి చాలా భాగం పొడిగానే వచ్చేది. దాన్ని స్తూపాల్లా ఒత్తి, నిలువునా 22 కన్నాలు పెట్టి, 'యోంతాన్' అనే పేరుతో దేశమంతా వాడారు, ఒక్కొక్కటీ మూడున్నర కిలోల పైమాటే. 1980ల చివరిదాకా కూడా సగానికి పైగా ఇళ్ళు దాని మీదే వెచ్చబడ్డాయి. ఆ కన్నాలు అందం కోసం పెట్టినవి కావు. ప్రతి కన్నం ఒక బుల్లి పొగగొట్టం, లోపలి గోడంతా మండే వైశాల్యం, వేడిగాలి పైకి లాగుతుంటే కింద నుంచి కొత్త గాలి వస్తుంది. కింద కాలుతున్న దాని మీద కొత్తది పెట్టేటప్పుడు కన్నాలు కన్నాలకి సరిగ్గా పట్టించాలి, లేకపోతే తెల్లారేసరికి పొయ్యి చల్లబడుతుంది. తెల్లవారుజామున లేచి ఆ బిళ్ళ మార్చడం అక్కడి ఇల్లాళ్ళ తరాల నాటి నిద్రలేమి. కాలిపోయాక అది పొడి కాదు, లేత రంగులో అదే ఆకారంలో చెక్కుచెదరకుండా మిగులుతుంది, పటకారుతో ఎత్తి బయట పెడితే మంచు పడిన వీధుల్లో కాలు జారకుండా దాన్నే చితక్కొట్టి చల్లేవాళ్ళు. మూడో పరీక్ష పాసవడమంటే అదీ.

అయితే మట్టి ఏ మట్టి అన్నది కూడా చూసుకోవాలని చైనాలో గుయిజౌ రాష్ట్రం నేర్పింది. ఇది చదివినప్పుడు నాకు నల్లగొండ గుర్తొచ్చింది. ఆ కొండ ప్రాంతంలో కోటి మందికి పైగా జనానికి ఫ్లోరోసిస్, గారపట్టిన పళ్ళు, వంగిన ఎముకలు. మన దగ్గర అది బోరు నీళ్ళ వల్ల వచ్చింది, అక్కడ నీళ్ళు బాగానే ఉన్నాయి. వాళ్ళు వానాకాలం పంట తడి ఆరక, మొక్కజొన్న కంకుల్నీ మిరపకాయల్నీ ఇంట్లో పొగగొట్టం లేని బొగ్గు పొయ్యి మీద దండెం కట్టి ఆరబెట్టేవాళ్ళు, ఆ పొగలోని ఫ్లోరిన్ వాటికి పట్టేది, అవే తినేవాళ్ళు. చాలాకాలం బొగ్గుదే తప్పనుకున్నారు. తర్వాత విడివిడిగా పరీక్షిస్తే అక్కడి బొగ్గులో ఫ్లోరిన్ పెద్దగా లేదు, నుసిని ముద్ద చెయ్యడానికి కలిపే స్థానిక బంకమట్టిలో ఉంది, అది కూడా చాలా ఎక్కువ మోతాదులో. జిగురు అని కలిపిందే విషమైంది. కాబట్టి ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో ఎక్కడి మట్టి పడితే అక్కడిది తవ్వి కలపడం గురించి నేనైతే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను, ఆ పొయ్యి మీద ఏదైనా ఆరబెట్టే అలవాటుంటే మరీను.

మూడు పరీక్షలూ ఒంటిచేత్తో పాసయ్యే జిగురు లేదా అంటే ఉంది. తారు. రోడ్డు వేసే డాంబర్ కాదు, బొగ్గు నుంచి కోక్ తీసేటప్పుడు దిగే కోల్‌తారుని మరిగించగా మిగిలే గట్టి పిచ్. నూటికి 8 నుంచి 10 పాళ్ళు వేసి, ఆవిరితో మెత్తబరిచి, బొగ్గు చూరతో కలిపి ఒత్తితే నీళ్ళలో నానినా చెక్కుచెదరని ఇటుకలొస్తాయి, పొయ్యిలో పిచ్ కూడా కోక్‌లా మారి పట్టుకుంటుంది, పైగా అది మట్టిలా దండగ కాదు, తనూ మండుతుంది. వేల్స్‌లోని కార్డిఫ్, స్వాన్సీ రేవుల్లో దీన్ని 'పేటెంట్ ఫ్యూయల్' పేరుతో ఓడలకెత్తి ప్రపంచమంతా అమ్మారు. ఇటుకల్లా ఉంటాయి కాబట్టి సందు లేకుండా పేర్చుకోవచ్చు, ఓడలో జాగా కలిసొస్తుంది. 1910లో కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువానికని కార్డిఫ్ నుంచి టెర్రా నోవా ఓడలో బయల్దేరినప్పుడు వెంట తీసుకెళ్ళిన ఇంధనంలో ఈ ఇటుకలు కూడా ఉన్నాయి. దీని ఖరీదు వేరేవాళ్ళు కట్టారు. పిచ్ ధూళి చర్మానికంటి ఎండ తగిలితే మంట, ఏళ్ళ తరబడి అంటితే పులిపిర్లు, ఆ తర్వాత చర్మ క్యాన్సర్. బ్రిటన్ 1907లోనే పిచ్, తారు వల్ల వచ్చే చర్మ క్యాన్సర్‌ని కార్మికులకి పరిహారం ఇవ్వాల్సిన జబ్బుల జాబితాలో చేర్చిందంటే అప్పటికే ఎంతమంది పడ్డారో ఊహించుకోవచ్చు. పొయ్యిలో వచ్చే పొగ సంగతి సరేసరి. రోడ్డు పక్క మిగిలిన తారు తెచ్చి ఇంట్లో ప్రయోగాలు చేద్దామనుకునే ఔత్సాహికులు దయచేసి విరమించుకోండి.

మిగతావి తొందరగా చెప్పేస్తా. చక్కెర ఫ్యాక్టరీ మడ్డి మంచి జిగురే, కానీ గాల్లో తేమ పీల్చి జిడ్డుగా మారుతుంది, సున్నం కలిపితే కాస్త నిలబడుతుంది. సిమెంట్ నీళ్ళని తట్టుకుంటుంది, పొయ్యిలో 400, 500 డిగ్రీలకి అదీ పట్టు వదిలేస్తుంది, బూడిద అదనం. పేడలో పీచు ఉంటుంది కాబట్టి పగుళ్ళు రాకుండా ఆపుతుంది, తనూ మండుతుంది, పొగ మాత్రం కళ్ళల్లో నీళ్ళు తెప్పిస్తుంది. కాగితం గుజ్జు కూడా అంతే, పీచు పనికొస్తుంది, వేడికి నిలవదు.

అసలు జిగురే లేకుండా చెయ్యలేమా అని చాలామంది అడుగుతారు. వేరుశనగ పొట్టు, రంపపు పొట్టు ఒత్తి బాయిలర్లకి అమ్మే బ్రికెట్ల ఫ్యాక్టరీలు మన దగ్గర బోలెడున్నాయి కదా, వాటిలో ఏ జిగురూ వెయ్యరు కదా అని. నిజమే, ఎందుకంటే పొట్టులోనే లిగ్నిన్ అనే సహజమైన జిగురుంది, మిషన్లో ఒత్తిడికీ రాపిడికీ వేడెక్కి అది మెత్తబడి అతుకుతుంది. లిగ్నైట్, అంటే ఇంకా పూర్తిగా ముదరని గోధుమరంగు బొగ్గు, అది కూడా ఇంచుమించు ఆ కోవే. జర్మనీలో కార్ల్ ఎక్స్‌టర్ అనే ఆయన ప్రెస్సుతో 1858లో హాలే ఊరి దగ్గర లిగ్నైట్ బిళ్ళల ఫ్యాక్టరీ మొదలైంది, ఒత్తిడే తప్ప జిగురు లేదు. మన నైవేలిలో కూడా లిగ్నైట్‌ని అలా బిళ్ళలు ఒత్తి, కాల్చి పొగ తీసేసి 'లెకో' అనే పేరుతో అమ్మారు, చెన్నైలో ఒక వయసు దాటిన తెలుగువాళ్ళకి ఆ పేరు గుర్తుండే ఉంటుంది. బొగ్గు ముదిరేకొద్దీ ఆ మెత్తదనం పోతుంది. సింగరేణి నుసిని చేత్తో తిప్పే స్క్రూ ప్రెస్సులో జిగురు లేకుండా ఎంత బిగించినా మర్నాటికి పొడే.

సరే, మా అత్త మాట విన్నాక రెండోసారి ఏం చేశానో చెప్తాను. నుసిని ముందు కాస్త తడిపి (పొడిగా జల్లిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మూతికి గుడ్డ కట్టుకోవాలి) మూడు మిల్లీమీటర్ల జల్లెడలో పట్టాను. మొదటిసారి నేను మరీ మెత్తగా ఉన్నదాన్నే ఏరుకున్నాను, అది ఇంకో తప్పు. అంతా పిండిలా ఉంటే వైశాల్యం పెరిగి జిగురు ఎక్కువ తాగుతుంది. కాంక్రీట్‌లో కంకర మధ్య ఇసుక చేరినట్టు, కాస్త ముతక, కాస్త మధ్యరకం, కాస్త మెత్తన ఉంటే ఖాళీలు వాటంతటవే నిండుతాయి. నూరు పాళ్ళ నుసికి 8 పాళ్ళు చెరువు అడుగు బంకమట్టి, 3 పాళ్ళు మైదా. మట్టిని ముందురోజు రాత్రి నానబెట్టి, గడ్డలు లేకుండా పిసికి, పలుచగా నుసి మీద పోసి కలిపాం. ఉడికించిన మైదా గోరువెచ్చగా ఉండగా తర్వాత పోశాం. ఎంత నీళ్ళు అన్నది కొలతతో చెప్పడం కష్టం. అత్త చెప్పిన గుర్తు, సున్నుండ చుట్టే పదును: పిడికిట్లో గట్టిగా నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు, విప్పితే వేళ్ళ అచ్చు స్పష్టంగా కనబడాలి. నీళ్ళెక్కువైతే ఎండేటప్పుడు అవి పోయినచోటల్లా ఖాళీలు మిగిలి బిళ్ళ బోలుగా తయారవుతుంది.

నాలుగంగుళాల పైపు ముక్కలో ముద్ద కూరి, కర్రతో దిమ్మిస కొట్టి, మధ్యలో ఇనుప చువ్వతో ఏడు కన్నాలు పొడిచాం. కొరియా వాళ్ళవి ఇరవై రెండు, మన ఓపిక ఏడు. తియ్యగానే ఎండలో పెట్టబోతే ఆవిడ ఒప్పుకోలేదు. ఒకరోజు నీడలో, ఆ తర్వాత నాలుగు రోజులు ఎండలో. పైన గబగబా ఎండి లోపల తడిగా ఉంటే పై తోలు బిగుసుకుని చీలుతుంది, మట్టి ఉన్నప్పుడు ఇంకా తొందరగా. ఎండటం పూర్తవకుండా కాల్చినా నష్టమే, లోపల మిగిలిన ప్రతి కిలో నీటినీ ఆవిరి చెయ్యడానికి దాదాపు 600 కిలోకేలరీలు ఖర్చు, అంత వేడి అన్నానికి పోవాల్సింది ఆవిరికి పోతుంది. తూకం వెయ్యడం మంచి పద్ధతి: ఈరోజుకీ రేపటికీ బరువు తగ్గడం ఆగిపోతే ఎండినట్టు.

ఈ బిళ్ళలు మొదటివాటిలా మోగలేదు, కొడితే డుబ్బుమన్నాయి. కింద పడేస్తే అంచులు కొంచెం రాలాయి. అంటుకోవడానికి కూడా మొదటివాటికంటే ఎక్కువసేపు పట్టింది, కింద చితుకులు రెండుసార్లు వెయ్యాల్సొచ్చింది. కానీ ఒకసారి రాజుకున్నాక గంటన్నర పైన ఆకారం చెడకుండా కాలాయి, కన్నాల్లోంచి సన్నటి నీలం మంట వచ్చింది.

ఆ నీలం మంట చూసి నాకు మహా సంబరమేసింది గానీ, దాని గురించి భయపడాల్సిన సంగతి ఒకటుంది. బిళ్ళ అడుగున గాలి బాగా అందే చోట బొగ్గు కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అది ఎర్రటి బొగ్గుల మధ్య నుంచి పైకొస్తూ మళ్ళీ బొగ్గుని తగిలి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. పైన గాలి అందితే అదే నీలం మంటగా కాలిపోతుంది. అందకపోతే, అంటే పొయ్యి నిండా బూడిద పేరుకున్నా, గాలి తగ్గించి పెట్టినా, ఆ మంట కనబడదు, వాయువు మాత్రం వస్తూనే ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. జనం చేసే పొరపాటు ఏమిటంటే, అంటించినప్పుడు పొగ వస్తుంది కాబట్టి బయట పెడతారు, పొగ ఆగి ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు "ఇప్పుడు శుభ్రంగా ఉంది" అని ఇంట్లోకి తెచ్చి చలికి తలుపులేసుకుంటారు. ప్రమాదం అసలు అప్పుడే. కొరియాలో ఇంటి నేల కింద సొరంగాల్లో ఈ వేడిగాలిని పారించేవాళ్ళు, నేలలో చిన్న పగులుంటే చాలు, రాత్రికి రాత్రి కుటుంబాలు నిద్రలోనే పోయేవి. అక్కడ యోంతాన్ కాలం మనుషుల్ని అడిగితే పొద్దున్నే తలనొప్పితో లేచినవాళ్ళకి ఊరబెట్టిన ముల్లంగి నీళ్ళు తాగించేవాళ్ళమని చెప్తారు, అదొక ఇంటివైద్యం, నిజానికి పని చేసేది బయటి మంచి గాలే. ఉత్తరాదిలో ప్రతి చలికాలం మూసిన గదుల్లో బొగ్గుల కుంపటి వార్తలు చూస్తూనే ఉన్నాం. బిళ్ళ ఎంత బాగా కుదిరినా ఈ గుణం మారదు, ఏ జిగురూ దీనికి మందు కాదు.

ఇంటి పొయ్యిల పొగ విషయంలో ప్రభుత్వాలు కూడా రెండు దారుల్లో పోయాయి. వియత్నాం రాజధాని హనోయ్‌లో వీధి హోటళ్ళు వాడే, తేనెపట్టులా కన్నాలున్న బొగ్గు బిళ్ళల్ని 2020 చివరికల్లా మానెయ్యమని నగరపాలకులు చెప్పేశారు. ఇంగ్లండ్ దీనికి తిరగేసి చేసింది, ఇళ్ళల్లో కాల్చడానికి మామూలు బొగ్గు అమ్మకం 2023 మేకల్లా పూర్తిగా ఆపేసి, గంధకం 2 శాతం లోపు ఉండి పొగ పరిమితి దాటని తయారీ బిళ్ళల్ని మాత్రం అమ్ముకోనిచ్చింది. అంటే బిళ్ళ మంచిదా చెడ్డదా అంటే దేనితో పోలుస్తున్నావన్నది ముందు చెప్పాలి. ముడి బొగ్గుతో పోలిస్తే నయం, గ్యాస్‌తో పోలిస్తే ఏ రకంగానూ కాదు.

డబ్బుల మాటకొస్తే, నుసి చౌక కాబట్టి బిళ్ళ చౌక అనుకుంటే పప్పులో కాలేసినట్టే. లెక్క కోసం నుసి కిలో 3 రూపాయలు, మైదా 40 అనుకోండి. వంద కిలోల నుసికి 300, ఐదు కిలోల మైదాకి 200. నూటికి ఐదు పాళ్ళున్న జిగురు సరుకు ఖర్చులో అయిదింట రెండు వంతులు తినేస్తుంది, ఇంకా నీళ్ళు కాచినందుకు కట్టెలు, ఒత్తే మనిషి కూలి, ఎండబెట్టే జాగా లెక్కలోకి రాలేదు. మైదాని 3 పాళ్ళకి దించి మట్టి వేస్తే 120 రూపాయలకి దిగుతుంది, ఆ మిగిల్చింది తక్కువ వేడి రూపంలో తిరిగి కట్టాలి. ఒక చిన్న హోటల్‌కో దాబాకో అమ్ముదామని మిషన్ కొనేముందు ఈ చిన్న లెక్క, ఇంకో పరీక్ష చెయ్యమంటాను: పది బిళ్ళలు పొయ్యిలో వేసి, మంట కాదు, ఆరిపోయాక కడ్డీల మీద ఏం మిగిలిందో చూడండి.

మా పొయ్యిలో మిగిలినవి ఆరు. బిస్కెట్ రంగులో, ఏడేసి కన్నాలతో, ఉఫ్ మంటే ఎగిరేంత తేలిగ్గా, ముక్కలవకుండా. పటకారుతో ఒకటి ఎత్తి చూపిస్తే అత్త దాన్ని వేళ్ళతో నలిపి చూసి, "ఇంకో పాలు మట్టి తగ్గించొచ్చు" అంది. మిగిలిన అయిదూ గిన్నెలు తోమడానికి పనికొస్తాయని చాటలో వేసుకుని లోపలికెళ్ళిపోయింది.